దసరాకు రంగు వద్దు, తిరిగితే చాలు

"అన్నా, నమస్తే. మాది నల్లగొండ. దేవరకొండ రోడ్డులో మా నాయిన ఇనుప ముక్కల్ని తిప్పుతూ చెక్కే లేత్ మిషన్‌తో షాపు నడిపేవారు. ఆయన పోయాక షాపు మూసేశాం కానీ మిషన్ అమ్మబుద్ధి కాలేదు. పాత ఇంటి వెనక రేకుల షెడ్డులో టార్పాలిన్ కప్పి పెట్టాం, పదకొండేళ్లయింది. భాగాలన్నీ మోసే బెడ్ ఆరడుగులు, మెట్ల పుల్లీ, పట్టీ బెల్టు. నేమ్‌ప్లేట్ మీద అక్షరాలు అరిగిపోయాయి. నేను సర్కారు బడిలో టీచర్ని, చిన్నప్పుడు నాయిన పక్కన నిలబడి చూడటమే తప్ప మిషన్ పని చేయలేదు. ఈ దసరాకల్లా మొత్తం విప్పి, తుప్పు తీసి, కొత్త రంగేసి, ఇంటికి తెచ్చి ఆయుధ పూజ చేయాలని ఉంది. మా బావ గ్రైండర్‌కి ఫ్లాప్ డిస్క్, అదే ఎమరీ రెక్కల చక్రం, పెట్టి బెడ్‌ని అద్దంలా చేసిస్తానంటున్నాడు. పాత ఇనుము కొనేవాళ్లు తూకానికి అడుగుతున్నారు. ఇంట్లో సింగిల్ ఫేజే ఉంది. ఏం చేయమంటావు? ఏ రంగు వేయమంటావు?"

తమ్ముడూ, ముందు మీ బావ చేతిలోంచి ఆ గ్రైండర్ తీసుకుని ఎక్కడైనా దాచెయ్, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. బావ మీద కోపంతో అనట్లేదు. గేట్లకూ ట్రాలీలకూ ఆయన చెప్పిందే పద్ధతి. కానీ బెడ్ మీద పొడవునా కనిపించే ఆ కోణపు పట్టాలూ చదును పట్టాలూ ఉన్నాయే, మిషన్ చేసే ప్రతి పనికీ ఆధారం అవే. కంపెనీలో వాటిని మీటరు పొడవుకు 0.02, 0.03 మిల్లీమీటర్లకు మించి తేడా రాకుండా తీసి పంపిస్తారు. మన తల వెంట్రుక మందం అటూఇటూగా 0.07 మిల్లీమీటర్లు అనుకో, ఫ్లాప్ డిస్క్ ఒక్క క్షణం ఒకచోట ఆగిందంటే అంతకంటే లోతు గుంట పడుతుంది, అదీ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. మెరవడం మెరుస్తుంది. ఆ తర్వాత దాని మీద తీసిన షాఫ్ట్ చెరుకుగడలా గణుపులు గణుపులుగా వస్తుంది.

బెడ్ మీది తుప్పుకు బ్లేడు చాలు. పెయింటర్లు గోడ గీకే పలుచని బ్లేడు తీసుకుని, బెడ్ మీద కాస్త డీజిల్ కలిపిన ఇంజిన్ ఆయిల్ పోసి ఒక రాత్రి నాననిచ్చి, పొద్దున బ్లేడును దాదాపు పడుకోబెట్టినట్టు పట్టుకుని మెల్లగా నెట్టు. మొదట ఎర్రటి పొడి నూనెలో కలిసి కుంకుమ బురదలా వస్తుంది, దాన్ని బనియన్ వేస్ట్‌తో తుడిచి మళ్లీ నెడితే ఈసారి కాఫీపొడి రంగులో పొలుసులు లేస్తాయి, మూడోసారికి బ్లేడు కింద గరగర పోయి జారుతున్నట్టు తెలుస్తుంది. అక్కడ ఆపెయ్. కింద నల్లటి మచ్చలు మిగులుతాయి, వాటి జోలికి పోకు. చిన్న చిన్న గుంటలు కనిపించినా కంగారు వద్దు, గుంట వల్ల లేత్‌కు నష్టం లేదు, అందులో నూనె నిలుస్తుంది. నష్టం అంతా పైకి లేచిన గడ్డలతోనే. ఎప్పుడో చక్, అంటే పనిముక్కను దవడలతో పట్టుకుని తిప్పేది, జారి పడి పట్టా అంచు మీద దెబ్బ తగిలి ఉంటే అక్కడ లోహం పైకి ఉబ్బి ఉంటుంది, వేలితో తడిమితే గోరుకు తగులుతుంది. ఆ ఉబ్బు వరకే సన్నటి ఆయిల్ స్టోన్ నూనెతో రుద్ది చదును చెయ్. ఎమరీ కాగితం బెడ్ దగ్గరికే తేవద్దు, దాని రజను, టూలును మోస్తూ బెడ్ మీద జారే సాడిల్ కిందికి దూరితే నువ్వు మిషన్ నడిపినన్నాళ్లూ బెడ్‌ని అరగదీస్తూనే ఉంటుంది.

ఇక "మొత్తం విప్పి" అన్నావు. ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి. నేను జడ్చర్లలో ఒక షాపులో హెల్పర్‌గా చేరిన కొత్తలో, పాత మెట్ల పుల్లీ లేత్ ఒకటి శుభ్రం చేయమని నాకు అప్పగించారు. హెడ్‌స్టాక్, అంటే చక్‌ని తిప్పే ఇరుసు కూర్చునే భాగం, దాని బేరింగ్ మూతలు విప్పాను. మూతకూ కింది భాగానికీ మధ్య రాగి రేకు ముక్కలూ, నూనె పీల్చి నల్లబడ్డ కాగితం ముక్కలూ కనిపించాయి. చెత్త అనుకున్నా. బుద్ధిమంతుడిలా అన్నీ ఏరి ఊడ్చేసి, మూతలు కడిగి, బోల్టులు గట్టిగా బిగించి, మేస్త్రీని పిలిచాను. స్పిండిల్, అంటే ఆ ఇరుసు, ఇంచు కూడా కదల్లేదు. ఆ చెత్తే షిమ్‌లు, స్పిండిల్‌ని చుట్టి ఉండే గన్‌మెటల్ బుష్‌కూ స్పిండిల్‌కూ మధ్య ఎంత సందు ఉండాలో చెప్పేవి అవే. వాటిని మళ్లీ కూర్చడానికి మేస్త్రీకి రెండు రోజులు పట్టింది, ఆ రెండు రోజులూ నాతో మాట్లాడలేదు. మీ మిషన్ కూడా అదే రకం అనిపిస్తోంది కాబట్టి చెప్తున్నా, నాయిన బిగించి వదిలిన హెడ్‌స్టాక్ మూతలు విప్పకు. హెడ్‌స్టాక్‌ని బెడ్ మీద నుంచి అసలు తీయకు. రంగు వేయడానికి అవి తీయాల్సిన పనే లేదు.

ఇప్పుడు శ్రావణం నడుస్తోంది, దసరాకు ఉన్న రెండు నెలల్లో నువ్వు చేయాల్సింది రంగు కాదు, మిషన్ ఎంత ఆరోగ్యంగా ఉందో తెలుసుకోవడం. లోపల ఏముందో తెలియకుండా పైన రంగేసి, తీరా మోటారు పెట్టాక ఏదో పట్టేస్తే ఆ రంగంతా మళ్లీ పానాలు తగిలి చెక్కలు చెక్కలుగా ఊడుతుంది. చాలామంది ఇదే చేస్తారు, మొదటి వారం రంగు డబ్బా కొంటారు.

ముందు నూనె. మిషన్ చుట్టూ తిరిగి నూనె పోసే రంధ్రాలు లెక్కపెట్టు. హెడ్‌స్టాక్ మూతల మీద, సాడిల్ మీద, టూలును అడ్డంగా జరిపే క్రాస్ స్లైడ్ మీద, సాడిల్‌కు వేలాడే ఏప్రాన్ ముందు, సాడిల్‌ని నడిపే పొడవాటి మర కడ్డీ లీడ్ స్క్రూ రెండు కొనల దగ్గరి బ్రాకెట్లలో, గేర్లు తిరిగే పిన్నుల మీద, అవతలి కొనన ఉండే టెయిల్‌స్టాక్ మీద, అన్నీ కలిపి డజనుకు తక్కువ ఉండవు. సగం కనిపించవు. ఎవరో ఎప్పుడో రంగు వేసినప్పుడు వాటి మీదనుంచే బ్రష్ లాగి ఉంటారు, గుండ్రంగా చిన్న పొక్కు లాగా కనిపించే చోట సూదితో గీకితే రంగు పెచ్చు లేచి కింద ఇత్తడి మూత గానీ చిన్న బాల్ ఉన్న నిప్పిల్ గానీ బయటపడుతుంది. పాత లేత్‌లు చాలావరకు ఇలాగే చస్తాయి, తుప్పుతో కాదు, నూనె రంధ్రం మీద వేసిన రంగుతో. మొదట డీజిల్ నాలుగు చుక్కలు వదులు, ఎండిన జిడ్డు కరగనివ్వు, ఒకరోజు ఆగి 68 గ్రేడ్ హైడ్రాలిక్ ఆయిల్ పొయ్. వాడేసిన ఇంజిన్ ఆయిల్ మన షాపుల్లో అందరూ పోస్తారు, నాకు తెలుసు, మీ నాయిన కూడా పోసే ఉంటారు. కానీ దాంట్లో సన్నటి ఇనుప పొడి, మసి ఉంటాయి, చర్మానికీ మంచిది కాదు. బెడ్‌కు గ్రీజు కూడా వద్దు, దుమ్మునూ చిప్స్‌నూ పట్టుకుని సానపట్టే ముద్దలా తయారవుతుంది.

నూనె దిగాక బెల్టు తీసేసి చక్‌ని చేత్తో తిప్పు. తిప్పేముందు ఒకటి చూసుకో. మెట్ల పుల్లీ పక్కన పెద్ద గేరుకు ఒక పిన్ను ఉంటుంది, వెనక వేగం తగ్గించే బ్యాక్ గేర్ లివర్ ఉంటుంది. పిన్ను లోపల ఉండి బ్యాక్ గేర్ కూడా కలిసి ఉంటే స్పిండిల్ ఎటూ తిరగదు. మిషన్ పట్టేసిందనుకుని గడ్డపార పెట్టి తిప్పితే గేరు పళ్లు విరుగుతాయి. ఈ బీడు, అంటే పోత ఇనుము, గేర్ల పళ్లు విరిగితే అతికించడం పెద్ద తలనొప్పి. చక్ ఊడదీయడానికి కూడా కొందరు ఇలా రెండూ కలిపి లాక్ చేస్తారు, నువ్వు చేయకు. దవడల మధ్య గట్టి చెక్క పట్టించి, దాని కొన బెడ్ మీద అడ్డంగా పెట్టిన దుంగకు ఆనేలా చేసి, పుల్లీని చేత్తో వెనక్కి లాగితే వస్తుంది, రాకపోతే మళ్లీ నూనె పోసి మరో వారం ఆగు.

స్పిండిల్ మెత్తగా తిరిగితే చక్‌లో రెండడుగుల గట్టి పైపు పట్టించి, స్పిండిల్ ముక్కు మీద సన్న కదలికను కూడా కొలిచే డయల్ గేజ్ ముల్లు ఆనించి, పైపును పైకి ఎత్తి చూడు. డయల్ గేజ్ నీ దగ్గర ఉండదు, ఊళ్లో ఏ లేత్ షాపునడిగినా గంటసేపు ఇస్తారు, మీ నాయిన పేరు చెబితే టీ కూడా ఇస్తారు. ముల్లు 0.05 మిల్లీమీటర్ల కంటే తక్కువ కదిలితే ఇంట్లో చేసుకునే పనులకు దాన్ని కదపకు. ఎక్కువైతే షిమ్ తగ్గించే పని, అది తెలిసినవాడితో చేయించు.

తర్వాత సాడిల్. చక్ దగ్గర సాడిల్ వదులుగా ఊగుతుంది, టెయిల్‌స్టాక్ వైపు నెడితే బిగుసుకుంటుంది. ఇది నేను చూడకుండానే చెప్పగలను, ఎందుకంటే షాపులో పనంతా చక్ దగ్గరి ఒకటిన్నర అడుగుల్లోనే జరుగుతుంది. మన వైపు బోరు మోటారు స్లీవులు, ట్రాలీ పిన్నులు, మిల్లు పుల్లీలు, ఇవే కదా వచ్చేవి, అన్నీ పొట్టి పనులే. అక్కడే బెడ్ అరుగుతుంది. ఆ వదులు పోవాలని చక్ దగ్గర గిబ్, అంటే సాడిల్ వదులు సరిచేసే పట్టీ, బిగిస్తే సాడిల్ అవతలి కొనకు పోదు. మధ్యస్తంగా బిగించి సరిపెట్టుకోవాలి. హైదరాబాద్‌లో, బాలానగర్ వైపు, బెడ్ గ్రైండింగ్ చేసేవాళ్లు ఉన్నారు, కానీ బెడ్ గ్రైండ్ చేస్తే సాడిల్ ఆ మేరకు కిందికి దిగుతుంది, ఏప్రాన్ దిగుతుంది, లీడ్ స్క్రూతో వరస తప్పుతుంది, మళ్లీ సాడిల్ కింద పట్టీలు అతికించి ఎత్తాలి. షాపు పెట్టి బతకాలనుకునేవాడు చేయించుకోవాలి. ఆదివారాలు పిల్లలకు బొంగరాలు తీసే టీచరుకు అక్కర్లేదు.

గేర్లు పోగొట్టకు. షెడ్డులో ఏ మూలో డబ్బాలోనో, మేకుకు వేలాడదీసో మార్చే గేర్లు ఉంటాయి, ఒక్కొక్కటి తీసి పళ్లు లెక్కపెట్టి సుద్దతో అంకె రాయి. 127 పళ్లది దొరికిందా చూడు. పాత లేత్‌ల లీడ్ స్క్రూ చాలావరకు ఇంచుల లెక్కది, ఇంచుకు నాలుగు చూడీలు, అంటే మర గాట్లు, అలా ఉంటుంది. ఇంచుకు 25.4 మిల్లీమీటర్లు, దాన్ని ఐదుతో హెచ్చిస్తే 127, ఆ ఒక్క గేరు ఉంటే ఇంచుల స్క్రూతోనే మిల్లీమీటర్ చూడీలు తప్పు లేకుండా కోయొచ్చు. లెక్కల టీచరువైతే పిల్లలకు చూపించు, బోర్డు మీద చెప్పేదానికంటే ఇది బాగా ఎక్కుతుంది. పాత ఇనుము కొనేవాళ్లకు మాత్రం ఈ గేర్లు కూడా తూకమే, కాబట్టి వాళ్లను ఆ షెడ్డులోకి రానివ్వకు. తూకానికి ఇవ్వాలా అని అడిగావు కదా, బెడ్ పగిలి ఉంటేనో హెడ్‌స్టాక్ బీట తీసి ఉంటేనో ఇవ్వు. లేకపోతే వద్దు.

చిన్న సామాను తుప్పుకు, అంటే హ్యాండిళ్లు, నట్లు, బోల్టులు, టూల్ పోస్టు లాంటివాటికి, నిమ్మ ఉప్పు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. లీటరు నీళ్లకు యాభై గ్రాములు, ప్లాస్టిక్ బకెట్‌లో, కొన్ని గంటలు. అమ్మ చింతపండుతో ఇత్తడి బిందె తోమిందే, అదే సూత్రం. తీశాక సోడా కలిపిన నీళ్లలో ముంచి, కడిగి, ఎండలో వేడెక్కనిచ్చి, వెంటనే నూనె పట్టించు, పది నిమిషాలు ఆలస్యమైతే పసుపు పూసినట్టు కొత్త తుప్పు వస్తుంది. పెద్ద ముక్కలకు బ్యాటరీ చార్జర్ పద్ధతి ఉంది. చాకలి సోడా కలిపిన నీళ్లు, సామానుకు మైనస్ తీగ, పక్కన పనికిరాని ఇనుప రేకుకు ప్లస్ తీగ. రేకు స్టెయిన్‌లెస్ స్టీలు కాకూడదు, నీళ్లలోకి విషపు క్రోమియం దిగుతుంది. ఆరుబయటే చెయ్, బుడగలుగా వచ్చేది హైడ్రోజన్. స్ప్రింగులు, అల్యూమినియం దీంట్లో వేయకు.

ఇంటికి తేవడం గురించి. ఇది నువ్వు అనుకున్నంత తేలిక కాదు, ఈ సైజు మిషన్‌ని తక్కువగా అంచనా వేసి వేళ్లు నలగ్గొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. బరువంతా పైన, అదీ హెడ్‌స్టాక్ వైపు. సాడిల్‌నీ టెయిల్‌స్టాక్‌నీ అవతలి కొనకు నెట్టి బిగించు, కొంత సమానమవుతుంది. హమాలీలకు ముందే చెప్పు, తాడు బెడ్‌కే పడాలి, లీడ్ స్క్రూకు కాదు. చేతికి అందేలా పొడవుగా ఉండే కడ్డీ కదా, ఎవరైనా దానికే ముడి వేయబోతారు. అది ఒక్క పిసరు వంగినా చూడీలు కోసే పని పోయినట్టే. డీసీఎంలోకి ఎక్కించడానికి చెయిన్ పుల్లీ దొరక్కపోతే జేసీబీ పిలువు, వెడల్పు పట్టీ బెల్టులు వాడమను, ఇనుప గొలుసు నేరుగా బెడ్‌కు తగలనివ్వకు. నేల మీద పైపుల మీద దొర్లించు.

ఇంట్లో ఎక్కడ పెడతావు? మీ ఇంట్లో తాండూరు బండలో షాబాద్ బండలో పరిచి ఉంటే, వాటి మీద పెట్టకు. చాలా ఇళ్లలో బండ కింద ఇసుకే ఉంటుంది, కాలితో తడితే డొల్ల చప్పుడు వస్తుంది, మిషన్ బరువుకు బండ పగులుతుంది, పగలకపోయినా ఒక మూల దిగి బెడ్ మెలి తిరుగుతుంది. అంత లావు బీడు కూడా మెలి తిరుగుతుందా అనుకుంటావు, తిరుగుతుంది. రెండు బండలు లేపి కాంక్రీటు పోయించు. పెట్టాక పరీక్ష ఇదీ. చక్‌లో అడుగు పొడవు కడ్డీ పట్టు, టెయిల్‌స్టాక్ ఆధారం లేకుండా, రెండు కొనల దగ్గర గాజుల్లా కొంచెం కొంచెం మేర వదిలి మధ్యది లోతుగా తీసెయ్, తర్వాత ఒకే కోతలో ఆ రెండు గాజుల మీదా సన్నగా టూలు నడిపి మైక్రోమీటర్‌తో కొలువు. రెండూ ఒకే కొలత వచ్చేదాకా టెయిల్‌స్టాక్ వైపు కాళ్ల కింద రేకు ముక్కలు పెడుతూ తీస్తూ పో. ఒక ఆదివారం పోతుంది, పోనీ.

కరెంటుకు సింగిల్ ఫేజ్ చాలు. పాత త్రీఫేజ్ మోటారు రెండు హెచ్‌పీ లోపుదై ఉంటుంది. బోరు మోటార్లు చుట్టే రివైండింగ్ షాపుకు తీసుకెళ్లి ముందు మెగ్గర్ పెట్టించి వైండింగ్ ఇన్సులేషన్ చూపించు, పదకొండేళ్లలో ఎలుకలు గూడు పెట్టకుండా ఉంటే ఆశ్చర్యం. బాగుంటే వీఎఫ్‌డీ డ్రైవ్ కొను, సింగిల్ ఫేజ్ లోపలికి, త్రీఫేజ్ బయటికి ఇచ్చే రకం. అది ఇచ్చేది 230 వోల్టులే కాబట్టి, మోటారు మీద తీగలు స్టార్ పద్ధతిలో కలిపితే 415 వోల్టులకు, డెల్టా పద్ధతిలో కలిపితే 230కి అని రాసి ఉంటే డెల్టాకు మార్పించాలి, ఆరు తీగలు బయటికి వచ్చి ఉంటే ఐదు నిమిషాల పని. డ్రైవ్‌కూ మోటారుకూ మధ్య నాయిన వాడిన పాత స్విచ్ పెట్టకు, డ్రైవ్ కాలిపోతుంది. ఇదంతా ఎందుకు, పొలం దగ్గర త్రీఫేజ్ ఉందిగా అని ఎవరో ఒకరు అంటారు. అక్కడ ఉచితంగా వస్తున్నది బోరు మోటారుకు ఇచ్చిన కరెంటు, దాని మీద మిషన్ నడిపితే కేసవుతుంది. ఎర్తింగ్ గుంతలో బొగ్గు, ఉప్పు వేసి ఎండాకాలం నీళ్లు పోస్తూ ఉండు, మన నేల ఎండితే ఎర్తింగ్ పేరుకే.

మొదటిసారి స్విచ్ వేసేటప్పుడు చక్ ఊడదీసి వెయ్. పాత స్పిండిల్‌కు చక్ మర తిప్పి ఎక్కించేదే అయితే, మోటారు ఉల్టా తిరిగినప్పుడు చక్ దానంతట అదే విప్పుకుని వచ్చి పడుతుంది. అది బెడ్ మీద పడితే అదృష్టం. మిషన్ దగ్గర లుంగీ, మెడలో దస్తీ, చేతికి గ్లౌజు వద్దు. చక్ తాళం చక్‌లో వదలకు. పిల్లలున్న ఇల్లు కాబట్టి మెయిన్‌కు తాళం వేసే బాక్సు పెట్టించు.

ఇప్పుడు రంగు. ఇదంతా అయ్యాక, కార్తీకం దాటి, చలికాలంలో. వానాకాలం గాలిలో తేమకు ఎనామెల్ మీద తెల్లటి పొగలాంటి మసక వస్తుంది, నేను ఒక ఆషాఢంలో తొందరపడి వేసి ఆ మిషన్‌ని ఏడాదంతా చూసి బాధపడ్డాను. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు ఇనుము చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, రంగు బ్రష్ లాగేలోపే పైన మీగడ కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున మంచు ఆరాక పదింటి నుంచి మూడింటి లోపు. ముందురోజు షెడ్డు ఊడ్చి, వేసే ముందు కళ్లాపి చల్లినట్టు నేల తడిపితే దుమ్ము లేవదు.

పాత రంగును పొడిగా గీకకు, మంట పెట్టకు. ఆ కాలపు మిషన్ రంగుల్లో సీసం ఉండి ఉంటుందనే అనుకోవాలి. 2017 నవంబర్ నుంచి ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల్లో 90 వంతులు, దాటకూడదని రూలు వచ్చింది, మిషన్లకు వేసే పారిశ్రామిక రంగులు దాని కిందికి రావు. అందుకని తడి కాగితంతోనే రుద్దు, నీళ్ల ఎమరీ అంటారు కదా అది, మాస్కు పెట్టుకో, రాలిందంతా పాత పేపరులో చుట్టి పారెయ్, పిల్లలను, కోళ్లను ఆ పక్కకు రానివ్వకు. నీళ్ల ఎమరీ కూడా రంగున్న చోటే, పట్టాల మీద కాదు, పట్టాలకు అప్పటికే టేపు పడి ఉండాలి. గట్టిగా పట్టుకున్న పాత రంగును బీడు దాకా తీయనక్కర్లేదు. పోత బీడు పైన గరుకుగా, గుంటలు గుంటలుగా ఉంటుంది, కంపెనీవాళ్లు లప్పం పట్టించి నునుపు చేసి ఉంటారు, అదంతా గీకేస్తే నువ్వు మళ్లీ కిలోల కొద్దీ పట్టించాలి. లేచిన పెచ్చులు తీసి, అంచులు తేలిపోయేలా రుద్దు, చాలు.

జిడ్డు మాత్రం వదలకు. బీడు నూనె పీల్చుకుంటుంది. సర్ఫ్ కలిపిన వేడినీళ్లతో తోమి ఆరబెట్టాక, ఊడదీసిన మూతలూ గార్డులూ ఎండలో పెట్టు, వేడికి చెమట పట్టినట్టు నూనె బయటికి వస్తుంది, థిన్నర్ గుడ్డతో తుడువు, మళ్లీ పెట్టు. అది బయటికి రావడం ఆగాకే ప్రైమర్. లేకపోతే రంగు చేపకన్నుల్లా గుండ్రంగా విడిపోతుంది.

గుంటలకు కార్ల డెంటింగ్ షాపులో దొరికే, హార్డెనర్ కలిపే పుట్టీ వాడు, అదీ రంగు లేని ఇనుము మీదే. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ చవక, తొందరగా ఆరుతుంది, కానీ దాని థిన్నర్ పాత ఎనామెల్‌ని కాలిన పాలమీగడలా ముడతలు పెట్టించేస్తుంది. పుట్టీ రుద్దాక రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ పలచగా, ఒకరోజు ఆగి సింథటిక్ ఎనామెల్ రెండు కోట్లు. లీటరు ప్రైమర్, లీటరు రంగు ఈ సైజుకు సరిపోతాయి. రెండు డబ్బాలు కలిపే పీయూ (పాలీయురేథేన్) రంగు గట్టిదే, అయితే స్ప్రే చేసేటప్పుడు దాని హార్డెనర్ ఊపిరితిత్తులను పాడుచేస్తుంది, ఇంట్లో వద్దు. మంచి రెండించుల బ్రష్ చాలు. బెడ్ పట్టాలు, డయల్ అంకెలు, నేమ్‌ప్లేట్, ఒకదానిమీద ఒకటి కూర్చునే ముఖాలు, వీటికి పేపర్ టేపు. నూనె రంధ్రాలకు ఒక్కోదానికి అగ్గిపుల్ల గుచ్చు, ఆరాక పీకెయ్. ఎనామెల్ చేతికి అంటకపోయినా లోపల గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, ఆలోపు కటింగ్ ఆయిల్ పోస్తే మెత్తబడి ఊడుతుంది.

ఏ రంగంటావా, నేమ్‌ప్లేట్ నాలుగు స్క్రూలు విప్పి దాని వెనక చూడు. కంపెనీలో వేసిన రంగు అక్కడ అలాగే ఉంటుంది. గేర్ల డోరు లోపలివైపు కూడా చూడొచ్చు, అక్కడ గోరుతో గీకితే ఉల్లిపొరల్లా ఏ కాలంలో ఏది వేశారో వరసగా కనిపిస్తుంది. ఎక్కువగా బూడిద రంగే ఉంటుంది. రంగుల షాపులో పేరు కాకుండా ఐఎస్ (భారతీయ ప్రమాణాల) షేడ్ నంబరు చెప్పు, ముదురు బూడిదకు 632, లేత బూడిదకు 631, స్మోక్ గ్రే 692. లేత రంగైతే చిందిన నూనె, పగులు, కొత్త తుప్పు వెంటనే కనిపిస్తాయి, నేనైతే 631 వేస్తాను. నేమ్‌ప్లేట్ అరిగిందన్నావు కదా, దానిమీద పలుచని కాగితం పరిచి పెన్సిల్ అడ్డంగా రుద్దు, కంటికి కనిపించని అక్షరాలు కాగితం మీదికి వస్తాయి. బెడ్ మీద టెయిల్‌స్టాక్ వైపు కొనన కొట్టిన నంబరు ఉందేమో కూడా చూడు, ఉంటే దాని మీద రంగు వేయకు.

దసరాకు ఏం చేస్తావంటే, షెడ్డులోనే, ఉన్నచోటే, పాత రంగుతోనే పూజ చెయ్. అప్పటికి బెడ్ తుడిచి, నూనె పోసి, చక్ చేత్తో తిరుగుతుంటే అదే ఎక్కువ. బొట్లు హెడ్‌స్టాక్ మూత మీద పెట్టు, పట్టాల మీద వద్దు, తడి కుంకుమ కింద రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. నిమ్మకాయ కోసి చక్ దవడలకు గుచ్చే అలవాటు మన షాపుల్లో ఉంది, ఈసారికి దాన్ని కాళ్ల దగ్గర పెట్టు. గుమ్మడికాయ గుమ్మం బయట కొట్టు. జమ్మి ఆకు మాత్రం ఎక్కడ పెట్టినా పరవాలేదు, పొద్దున్నే తీసేసి ఆ చోట ఒకసారి నూనె గుడ్డతో తుడువు.